మోటరు బంద్ పెట్టిన వారం

కనకమామిడిలో ఎవరింట్లో పెళ్లయినా ఆ కరెంటు లైను మీదున్న కండెన్సర్లన్నీ ఆపేస్తారు. అది ఎవరో పెట్టిన చట్టం కాదు. పొలాలకిచ్చే మూడు ఫేజుల కరెంటు ఎప్పుడో వస్తుంది, ఎప్పుడో పోతుంది. మిగతా పొద్దంతా ఇళ్లల్లో దీపాలకని రెండు ఫేజులే ఉంచుతారు. ఆ రెండింటి మీద బోరు మోటరు తిరగదు. తిరగాలంటే స్టార్టరు పక్కన కండెన్సర్ డబ్బా ఒకటి బిగించాలి. సర్కారు లెక్కలో అది తప్పే గానీ ఊరి లెక్కలో కాదు. డబ్బా బిగించిన మోటరు మూలుగుతూ నీళ్లు పోస్తుంది. అది మూలుగుతున్నంతసేపూ ఆ లైనులో ఇళ్లన్నిట్లో బల్బులు ఎర్రబడతాయి, ఫ్యాన్లు ఈడ్చుకుంటూ తిరుగుతాయి. అందుకని పెళ్లింటికి మాత్రం ఒక మర్యాద ఉంది. పెళ్లిపిల్ల తండ్రి గడప ముందుకొచ్చి "జర కండెన్సర్ బంద్ పెట్టుండ్రి" అంటే పంట ఎండుతున్నా సరే, ఎవడూ కాదనడు. అడిగించుకోవడం నామోషీ అనుకుని ముందే ఆపేవాళ్లూ ఉన్నారు.

ఆ మర్యాదను ఒక కంప్యూటర్ కోసం అడిగినవాడు ఊరు మొత్తంలో ఎల్లేశ్ ఒక్కడే.

ఎల్లేశ్ చేవెళ్లలో డిగ్రీ అయిందనిపించి, పట్నంలో త్రీడీ యానిమేషన్ కోర్సు చేశాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లు సెలవురోజు వస్తే కార్లేసుకుని మొయినాబాద్ దాటి వచ్చి, చెలకల్లో నిలబడి ఫోటోలు దిగి, బేరాలాడి పోతున్న రోజులవి. అన్నదమ్ములకు చెరి సగం వచ్చిన చెలకలో తన సగం అమ్మే ఎల్లేశ్ కోర్సు చదివాడు, కంప్యూటర్ కొన్నాడు. ఆ సగం కొన్నది చేవెళ్ల రామేశ్వర్ సేటు. సేటు వాళ్లది మొదట్లో కిరాణా, ఆ తర్వాత ఎరువులు, ఇప్పుడు ప్లాట్లు. చుట్టుపక్కల ఇంకో నలుగురి చెలకలు కూడా కలుపుకుని ఫామ్‌హౌస్‌ల వెంచరు మొదలుపెట్టాడు.

అన్న బాలరాజ్ తన సగం అమ్మలేదు. అందులో బోరుంది, గులాబీ తోట ఉంది. తోట బాలరాజ్ పేరు మీదున్నా చాకిరీ అంతా వదిన మణెమ్మది. కొమ్మలు కత్తిరించేదీ ఆమే, మందు కొట్టేదీ ఆమే, తెల్లారకముందే పూలు తెంపి గంపకెత్తి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయే ఆటోలో వేసేదీ ఆమే. ముళ్లు గుచ్చుకుని గుచ్చుకుని ఆమె వేళ్లు నల్లగా, గరుకుగా ఉంటాయి. ఎండాకాలం పెళ్లిళ్ల కాలం. ఏడాదిలో ఆ తోట నాలుగు రాళ్లు చూసేది అప్పుడే, నీళ్లు లేక అల్లాడేదీ అప్పుడే. మూడు ఫేజుల కరెంటు వచ్చినప్పుడు బోరు కాసేపు పోసి గాలి తన్నుతుంది. పగలంతా కొద్దికొద్దిగా ఊరే నీళ్లను కండెన్సర్ మీదే సన్నగా తోడుకోవాలి. తోట బతుకు ఆ సన్నటి ధార మీదే ఉంది.

తోటను ఆనుకునే ఇల్లు. చుట్టుపక్కల చెలకలు సేటు కొన్నాక ఆ కొసన లైను మీద మిగిలిన కండెన్సర్ బాలరాజ్‌దొక్కటే. ఇంటి పక్కన రేకుల గది ఎల్లేశ్‌ది. గదికొక కిటికీ, ఆ కిటికీలోంచి చూస్తే బోరు, దాని వెనక గులాబీ వరసలు, వాటి వెనక గుట్ట.

మే నెల మొదట్లో సేటు మనిషిని పంపి ఎల్లేశ్‌ను పిలిపించాడు. చేవెళ్లలో సేటు దుకాణం వెనక ఏసీ గదిలో ఆయన కొడుకు రిత్విక్ కూడా ఉన్నాడు. పట్నంలో ఇంజనీరింగ్ చదివిన పిల్లాడు. వెంచర్ పనులన్నీ అతనివే.

"ఎల్లేశా, వచ్చే ఆదివారం కాక పై ఆదివారం మన వెంచర్ ఓపెనింగు," అన్నాడు సేటు. "పట్నంకెల్లి పెద్దపెద్దోళ్లు వస్తరు. వాళ్లకు కాయితం చూపిస్తే ఏం సమజైతది? సినిమా లెక్క చెయ్యి. కారు గేట్ల నుంచి లోపలికి పోయినట్టు, ఇల్లంత తిరిగినట్టు, పైకెక్కి గుట్ట చూసినట్టు. అయితదా నీతోని?"

"అయితది సేటూ."

"మంచిగ అయితే పట్నంల మన ఆఫీసుల నీకు కుర్చీ ఏపిస్త. ఏసీ కింద కూసోని ఇదే పని చేసుకోవచ్చు. ఫికర్ చెయ్యకు."

కోర్సు అయిపోయి రెండేళ్లయింది. ఎల్లేశ్‌తో చదివినవాళ్లు మాదాపూర్‌లో మెడలో కార్డులేసుకుని తిరుగుతున్నారు. వీడేమో పెళ్లిపత్రికల మీద వినాయకుడి బొమ్మలు వేస్తున్నాడు. చెలక అమ్ముకుని చదివింది ఇందుకేనా అని ఊళ్లో ఎవరూ మొహం మీద అనలేదు. అనకపోవడమే ఎల్లేశ్‌కు ఎక్కువ గుచ్చుకునేది. కుర్చీ అన్న మాట చెవిలో పడగానే వాడికి వెన్ను దానంతటదే నిటారుగా అయింది.

రిత్విక్ ప్లాను కాగితం పరిచాడు. ఎల్లేశ్ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. పుట్టి పెరిగిన చోటు. కాగితం మీదైనా పోల్చుకోలేకపోడు. మెయిన్ గేటు, అది దాటగానే ఫౌంటెన్, రెండూ పడ్డది అన్న గులాబీ తోటలో.

"సార్, ఈ గేటు మా అన్న జాగల పడ్డది."

"అది జస్ట్ డిజైన్ అన్నా. లుక్ కోసం. స్ట్రెయిట్ రోడ్డుంటే వీడియోల మంచిగుంటది," అన్నాడు రిత్విక్. తర్వాత నవ్వుతూ, "టైముకైతదా మరి? మీ ఊరి కంప్యూటర్ గదా, బండి లెక్క మెల్లగ నడుస్తదేమో!"

ఎల్లేశ్ గేటు సంగతి మళ్లీ ఎత్తలేదు. బండి అన్న మాటను మాత్రం మొయినాబాద్ దాకా బస్సులో మోసుకొచ్చాడు.

మొదటి వారంలో బొమ్మంతా కట్టేశాడు. వెనకాల గుట్ట నిజంగా ఉన్నట్టుండాలని బోరు దగ్గర నిలబడి ఫోటోలు తీసి తగిలించాడు. మణెమ్మ మజ్జిగ ఇవ్వడానికి వచ్చి తెర మీద గేటు, ఫౌంటెన్ చూసి ఆగిపోయింది.

"ఇది మన బోరు కాడికెల్లి తీసిందే గదా? మరి మన తోటేది?"

"అది ఉత్త బొమ్మ వదినె," అన్నాడు ఎల్లేశ్.

"గట్లనా," అని గ్లాసు అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

ఇక మిగిలింది రెండరింగ్. అంటే కట్టిన బొమ్మను వెలుగూ నీడలతో సహా కంప్యూటర్ ఒక్కొక్కటిగా అచ్చు వేసి సినిమాగా పేర్చడం. దాన్ని మొదలుపెట్టి పక్కన కూర్చోవాలంతే, మనిషి చేసేదేమీ ఉండదు. ఎల్లేశ్ ఒక ముక్క వేసి చూసి లెక్క కట్టుకున్నాడు. సోమవారం పొద్దున మొదలుపెడితే శనివారం సాయంత్రానికి అయితది. సరిగ్గా సరిపోతుంది. కానీ బండి అన్నాడు రిత్విక్. బుధవారమే సీడీ తీసుకెళ్లి ఆ ఏసీ గదిలో బల్ల మీద పెడితే ఎట్లుంటది?

మొయినాబాద్ నెట్ సెంటర్లో కూర్చుని వెతికితే ఓవర్‌క్లాకింగ్ అనే విద్య దొరికింది. కంపెనీవాడు ప్రాసెసర్‌కు పెట్టిన వేగాన్ని మనమే పెంచి పరిగెత్తించడం. కంప్యూటర్ ఆన్ చేయగానే ఒక మీట నొక్కితే నీలం తెర వస్తుంది, అందులో అంకెలు మార్చడమే. ఆ పేజీలు ప్రింటు తీయించుకుని ఇంటికొచ్చాడు. ఇంగ్లీషును కూడబలుక్కుంటూ చదివాడు. మొదటి పేజీలోనే, కొంచెం కొంచెమే పెంచాలని ఉంది. ఎక్కడైనా తేడా చేస్తే మొదట అన్నీ పాత అంకెలకు తెచ్చి చూడమని, అప్పుడు ఒక్కొక్కటే మార్చమని కూడా ఉంది. అదీ చదివాడు. చదివి పేజీ తిప్పాడు.

ఒకేసారి బాగా పెంచాడు. కంప్యూటర్ ఆన్ అయింది. ఓ చిన్న బొమ్మ వేసి చూస్తే ఇట్టే వేసింది. ఎల్లేశ్ గదిలోంచి బయటికొచ్చి ఊరికే అటూ ఇటూ నడిచాడు. సోమవారం పొద్దున అసలు సినిమా పెట్టాడు. ఎండెక్కేసరికి తెర నీలంగా మారి, తెల్ల అక్షరాలతో ఏదో తిట్టినట్టు రాసి, కంప్యూటర్ నిలిచిపోయింది. అప్పటిదాకా వేసినదంతా పోయింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ పోయింది.

అప్పట్నుంచి ఎల్లేశ్ వైద్యం మొదలైంది. ర్యామ్ ముక్కలు పీకి, బడిపిల్లల రబ్బరుతో కాళ్లు రుద్ది మళ్లీ గుచ్చాడు. పెట్టె పక్క రేకు విప్పి టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టాడు. ప్రాసెసర్ మీది అల్యూమినియం దిమ్మె తీసి, కింద ఎండిపోయిన తెల్ల పేస్టు గీకి, కొత్తది కొనుక్కొచ్చి, ఎక్కువేస్తే ఎక్కువ చల్లన అనుకుని రొట్టె మీద వెన్న రాసినట్టు దట్టంగా రాశాడు. కిటికీకి తడి గోనెసంచి వేలాడదీశాడు. ఒక్కొక్కటి చేసినప్పుడల్లా కాసేపు నడిచేది, ఇక నయమైందనుకునేవాడు. వేగం తగ్గించడం ఒక్కటి మాత్రం చేయలేదు. తగ్గిస్తే అది మళ్లీ బండే.

చివరికి అంకెలు మార్చే ఆ నీలం తెరలో ఓల్టేజ్ అన్న మాట కనపడింది. ప్రాసెసర్‌కు ఎంత కరెంటు బలం ఇవ్వాలో అక్కడ మార్చుకోవచ్చు. ఆ ఊళ్లో ప్రతి ఇంట్లో టీవీ కింద ఒక బూస్టర్ డబ్బా ఉంటుంది. కరెంటు పడిపోయి టీవీలో బొమ్మ ముడుచుకుపోతే లేచి డబ్బా చెవిని ఒక మెట్టు తిప్పడం చిన్నపిల్లలకూ అలవాటే. బొమ్మ విచ్చుకుంటుంది. అక్కడ పుట్టినవాడికి ఓల్టేజ్ అన్న మాట కనబడితే చెయ్యి పైకే తిప్పుతుంది. ఎల్లేశ్ ఒక మెట్టు పెంచాడు. కంప్యూటర్ ఆ రాత్రి పూటంతా నడిచింది. దొరికింది రోగం అనుకున్నాడు. మర్నాడు ఆగితే ఇంకో మెట్టు పెంచాడు.

ఆ రెండో మెట్టు తర్వాత అంతకుముందు కంటే తొందరగా ఆగడం మొదలైంది. ఆ రోజు మంగళవారం. కిటికీ దగ్గర తల పట్టుకుని కూర్చున్నాడు ఎల్లేశ్. బయట బాలరాజ్ వచ్చి స్టార్టరు నొక్కాడు. మోటరు మూలిగింది. గదిలో బల్ల కింద యూపీఎస్ "టక్" మని, రెండుసార్లు కూసి ఊరుకుంది. టేబుల్ ఫ్యాను నీరసపడి రెక్కలు లెక్కపెట్టుకునేంత మెల్లగా తిరిగింది. ఎంతోసేపు కాలేదు, తెర నీలమైంది.

ఎల్లేశ్ బల్ల కిందకు వంగి చూశాడు. ఇన్నాళ్లూ ఆ టక్కుమనే చప్పుడు వింటూనే ఉన్నాడు గదా! మోటరు వేసినప్పుడల్లా టక్కుమంటుంది, ఆ తర్వాత ఎప్పుడో ఒకప్పుడు కంప్యూటర్ ఆగుతుంది. తప్పు తనది కాదు. తన అంకెలది కాదు. ఇదంతా అన్న మోటరు తినేస్తున్న కరెంటు.

బావిలో పడ్డవాడికి తాడు అందినట్టయింది.

సాయంత్రం బాలరాజ్ అరుగు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. పక్కింటి బీరయ్య గొర్లను తోలుకొచ్చి, దొడ్లో కలిపి, నిప్పు కోసం వచ్చి కూర్చున్నాడు. ఎల్లేశ్ గుమ్మం దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, జర కండెన్సర్ బంద్ పెట్టాలె. ఆదివారం దాంక."

బాలరాజ్ తల తిప్పి చూశాడు. బీరయ్య పకపకా నవ్వాడు.

"లగ్గమా ఎల్లేశా? చెప్పకపోతివి! పిల్ల ఏ ఊరిది?"

"లగ్గం కాదే బీరయ్య మామా, కంప్యూటర్. ఈ మోటర్ ఏసినప్పుడల్ల కరెంటు గుంజుతున్నది, నా పని మొత్తం ఖరాబైతున్నది. ఎన్నిసార్లని మొదటికెల్లి చెయ్యాలె?"

"కంప్యూటర్‌కు లగ్గం! మరి మాకు పప్పన్నమేది?" అన్నాడు బీరయ్య.

బాలరాజ్ నవ్వలేదు. బీడీ నేలకు రాసి, తోట వైపు చూశాడు. "అయిదొద్దులు నీళ్లు వెట్టకుంటే ఎండల ఏముంటది తమ్మీ? మొగ్గ మీదున్నది."

"త్రీ ఫేజ్ వచ్చినప్పుడు పెట్టరాదు?"

"అప్పుడెంత పోస్తదో నీకు తెల్వదా? నాలుగు సాళ్లు తడవయి."

"అన్నా, నా నౌకరి దీని మీదున్నది. చెలక అమ్ముకున్నోణ్ని. నాకింకేమున్నది చెప్పు?"

 లోపలి నుంచి మణెమ్మ చేట పట్టుకుని వచ్చి ద్వారబంధానికి ఆనుకుని నిలబడింది. బాలరాజ్ ఆమెను చూశాడు. ఆమె చేటలో బియ్యం వైపు చూస్తూ, "లగ్గమే అనుకుందాం తియ్యి," అంది. "వానికి లగ్గమైతే బంద్ వెట్టమా?"

బాలరాజ్ లేచి వెళ్లి కండెన్సర్ తీగ విప్పి చుట్టి మేకుకు తగిలించి వచ్చాడు.

బుధవారం పొద్దున ఫ్యాను గాలిలో ఎగిరిపోతుందా అన్నంత జోరుగా తిరిగింది. ఎల్లేశ్ అన్నిటినీ సరిచూసుకుని మొదటి నుంచి పెట్టాడు. వేగం అదే, ఓల్టేజీ అదే. కిటికీలోంచి మణెమ్మ కనపడుతోంది. ఇంట్లో తాగడానికి పట్టిన నీళ్లలోంచి బిందె నింపి నెత్తికెత్తుకుని, మొదటి వరసలో ఒక్కో మొదలుకు చెంబెడు చెంబెడు పోసుకుంటూ పోతోంది. మూడో మొక్కకొచ్చేసరికి మొదటి మొక్క కింద నేల మళ్లీ తెల్లబడుతోంది. ఎల్లేశ్ తడి గోనెసంచిని కిటికీ నిండా సర్దాడు. తోట కనబడకుండా పోయింది.

గురువారం మిట్టమధ్యాహ్నం రేకులు కాలి చిటపటమంటున్నాయి. మణెమ్మ గిన్నెలో అన్నం పెట్టి తెచ్చింది. ఆమె గుమ్మంలో అడుగు పెట్టడం, తెర నీలమవడం ఒక్కసారే జరిగాయి.

ఎల్లేశ్ ముందు తెర చూడలేదు. బల్ల కింద యూపీఎస్ వైపు చూశాడు. అది టక్కుమనలేదు. కూయలేదు. పచ్చ దీపం నిశ్చలంగా వెలుగుతోంది. ఫ్యాను జోరుగానే తిరుగుతోంది. బయట మోటరు చప్పుడు లేదు. ఊరంతా మూసుకుని పడుకున్నట్టుంది. అంత నిశ్శబ్దంలో, అంత నిండు కరెంటులో, కంప్యూటర్ దానంతటదే చచ్చింది.

అప్పుడు వాడికి అర్థమైంది. టక్కుమన్నప్పుడల్లా యూపీఎస్ తన పని తాను చేసింది. కరెంటు పడిపోతే బ్యాటరీ అందించింది. మోటరు వల్ల పడిన కరెంటు లోటు ఈ పెట్టె దాకా ఏనాడూ రానే లేదు. యూపీఎస్‌ను కొన్నదే అందుకు. చెయ్యి పెట్టెలోకి పోనిచ్చి దిమ్మెను తాకాడు. వేలు చుర్రుమంది. దట్టంగా రాసిన పేస్టు అంచుల్లోంచి కారి గట్టిపడి ఉంది. పెంచిన వేగానికి తోడు మెట్టు మెట్టుగా పెంచిన ఓల్టేజీ, రేకుల కింద మే నెల. టీవీ బూస్టర్ తిప్పినట్టు తిప్పి తిప్పి, దాన్ని తన చేత్తో తనే ఉడికించాడు.

"మోటర్ బంద్ పెట్టినంక గూడ ఆగిందా?" అంది మణెమ్మ.

"ఏం లే వదినె. ఇది వేరే."

ఆమె గిన్నె బల్ల మీద పెట్టి, గోనెసంచి పక్కకు జరిపి కిటికీలోంచి తోటను చూసింది. ఎల్లేశ్ ఆమె మొహం చూడలేదు. చూస్తే చెప్పాల్సి వచ్చేది.

ఆమె పోయాక పాత పేస్టంతా తుడిచి, గింజంత వేసి దిమ్మె బిగించాడు. నీలం తెరలో అంకెలన్నీ కంపెనీవాడు పెట్టినట్టే పెట్టాడు. కంప్యూటర్ బుద్ధిమంతురాలిలా పని మొదలుపెట్టింది. మెల్లగా, ఆగకుండా. సోమవారమే ఇట్లా వదిలేసి ఉంటే శనివారానికి మొత్తం అయ్యేది. ఇప్పుడు ఆదివారం పొద్దుటికి గేటు, ఫౌంటెన్, మహా అయితే వాకిలి దాకా వస్తుంది. అంతే.

అప్పుడే బయటికి వెళ్లి "అన్నా, మోటరేస్కో" అని ఉండాల్సింది. రెండడుగులు వేశాడు కూడా. అరుగు మీద బీరయ్య ఉన్నాడు. బీరయ్య ముందు ఏమని చెప్పాలి? మోటరు కాదు, నేనే అనా? ఎల్లేశ్ వెనక్కొచ్చి కూర్చున్నాడు. ఎందుకైనా మంచిది, ఈసారి కూడా ఆగితే ఇక ఏమీ మిగలదు, మోటరు కూడా కొంత కారణమై ఉండొచ్చు కదా అని మనసుకు చెప్పుకున్నాడు. అబద్ధమని మనసుకూ తెలుసు. ఆ అబద్ధం మీదే శుక్రవారం గడిచింది, శనివారం గడిచింది. శనివారం సాయంత్రానికి తోటలో మొగ్గలు విచ్చుకోకుండానే మెడలు వాల్చాయి. అంచులు మాడి, చేత్తో ముట్టుకుంటే గలగలమన్నాయి. పెళ్లిళ్ల ముహూర్తాలు ఆ వారమంతా ఉన్నాయి. మార్కెట్‌కు పోయే ఆటో ఇంటి ముందు ఆగకుండా పోయింది.

ఆదివారం ఎల్లేశ్ చెలక ఉన్న చోట షామియానా వేశారు. ఆ మూల బిర్యానీ గిన్నెలు, ఈ మూల తెర, ప్రొజెక్టరు. దుమ్ములో నున్నటి కార్లు. సేటు అందరికీ ఎదురెళ్లి చేతులు కలుపుతున్నాడు. బాలరాజ్ కూడా వచ్చాడు. తమ్ముడి పని తెర మీద వేస్తారట అని బీరువాలోంచి పెళ్లి చొక్కా తీసి వేసుకుని వచ్చాడు. లోపలికి రాలేదు. షామియానా గుంజ పక్కన నిలబడ్డాడు.

సినిమా మొదలైంది. గుట్ట, దాని మీద తేలిపోయే మబ్బు. నున్నటి రోడ్డు. ఎత్తైన ఇనుప గేటు మెల్లగా తెరుచుకుంది. ఫౌంటెన్ వెండిలా ఎగసింది. దాని చుట్టూ పచ్చిక, పచ్చిక అంచున, అందం కోసం ఎల్లేశ్ నాటిన ఎర్ర గులాబీలు. వాకిలి మెట్టు కనపడి సినిమా ఆగిపోయింది. రిత్విక్ దాన్ని మళ్లీ మొదటికి తిప్పాడు. మళ్లీ గుట్ట, మళ్లీ గేటు.

ఎల్లేశ్ చెమటలు కక్కుతూ వెళ్లి, "సార్, మొత్తం కాలే... కంప్యూటర్ ప్రాబ్లం వచ్చి..." అన్నాడు.

"గిది చాలు అన్నా!" అన్నాడు రిత్విక్. "అసలు మాకు కావల్సింది ఎంట్రెన్సే. అందరు గేటే అడుగుతున్నరు."

సేటు వచ్చి ఎల్లేశ్ భుజం మీద చెయ్యేశాడు. గుంజ పక్కన బాలరాజ్‌ను చూసి అక్కడికే నడిపించుకుపోయాడు.

"ఏం బాలరాజ్, చూసినవా? నీ జాగ ఎంత కమాల్ ఉన్నదో! తోట ఎట్లనో ఎండిందట గదా, విన్న. ఈ ఎండలకు ఎవడు చేస్తడు పంటలు? రేపు దుకాణం కాడికి రా, కూసొని మాట్లాడుకుందాం." ఎల్లేశ్ వైపు తిరిగాడు. "నీ కుర్చీ రెడీగున్నదిరా. అన్నను తోల్కొనిరా. ఇద్దరి పని ఒక్కసారే అయిపోతది."

బాలరాజ్ సేటును చూడలేదు. తెర వైపు చూస్తున్నాడు. గేటు తెరుచుకుంటోంది. బోరు ఉన్న చోట ఫౌంటెన్ ఎగురుతోంది. బిర్యానీ ముట్టకుండా వెనక్కి తిరిగాడు. ఎల్లేశ్ వెంట పడ్డాడు. ఇల్లు ఎంతో దూరం లేదు, ఎండిన తోట గట్టు మీదుగానే పోవాలి.

"అన్నా, ఆగే..."

బాలరాజ్ ఆగాడు. మాడిన మొగ్గ ఒకటి తెంపి అరచేతిలో నలిపాడు. "మోటర్ బంద్ పెట్టుమన్నది గిందుకేనా?"

ఎల్లేశ్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అన్న చెయ్యి పట్టుకున్నాడు.

"కాదన్నా! ఒట్టు! కంప్యూటర్ ఆగుతుంటే మోటర్ వల్లనే అనుకున్న. స్పీడు నేనే పెంచిన, ఓల్టేజ్ గూడ నేనే పెంచిన. అది వేడికి ఆగింది. నాకు తెల్వలే."

"అంటే మోటర్‌తోని కాదన్నట్టు."

"...కాదు."

"ఎప్పుడు తెలిసింది?"

ఎల్లేశ్ ఇంటి వైపు చూశాడు. ఇంటి ముందు మణెమ్మ నిలబడి ఉంది. ఖాళీ బిందె చంకలో ఉంది. అంతా విన్నట్టే ఉంది.

"బేస్తారం," అంది ఆమె. "నేను అన్నం తెచ్చినప్పుడు. మోటర్ బంద్ ఉన్నది, వాని మిషిన్ ఆగింది. నేను జూసిన. ఇప్పుడు చెప్తడు, ఇప్పుడు చెప్తడని జూసిన." గొంతు పెంచలేదు. "మల్ల ఆ గేటు బొమ్మ గూడ అంతకుముందే జూసిన."

"వదినె, అది ఉత్త డిజైన్ అని..."

"అవు. నువ్వే చెప్పినవ్."

సిగ్గేసి చెప్పలేదు అనాలనుకున్నాడు ఎల్లేశ్. బీరయ్య నవ్వుతాడని చెప్పలేదు అనాలనుకున్నాడు. ఎండిన తోట పక్కన నిలబడి, షామియానా లోంచి మైకు చప్పుడు వినబడుతుండగా, ఆ మాటలు తనకే నమ్మేట్టు లేవు. గేటు గీసింది తనే. మోటరు ఆపించింది తనే. తెలిశాక కూడా ఊరుకుంది తనే. కుర్చీ ఇస్తున్నదీ తనకే. వీటిని వరసగా పేర్చి చూసేవాడెవడైనా ఇంకేమనుకుంటాడు? నిజం చెప్పినా, అది అబద్ధం కంటే నయంగా లేదు.

ఆ సాయంత్రం ఎల్లేశ్ గదిలోనే ఉన్నాడు. కంప్యూటర్ ఇంకా నడుస్తోంది, ఎవరికీ అక్కరలేని మిగతా ఇంటిని ఒక్కో బొమ్మగా వేస్తూ. ఆదివారం పొద్దున ఆపడం మరిచిపోయాడు. బాలరాజ్ లోపలికొచ్చాడు. చేతిలో కండెన్సర్ డబ్బా, దాని చుట్టూ చుట్టిన తీగ. దాన్ని కీబోర్డు పక్కన పెట్టాడు.

"ఇదీ నువ్వే ఉంచుకో తమ్మీ. ఇగ ఏం తడపాలె దీంతోని?"

"అన్నా, రేపు నేను పోను. సేటు కాడికి పోను."

"పో. పోకుంటే ఎట్ల?" అన్నాడు బాలరాజ్. తెర మీద అప్పుడే ఒక కిటికీ, దానిలోంచి కనిపించే గుట్ట పూర్తయ్యాయి. వంగి కాసేపు చూశాడు. "మంచిగ జేసినవ్," అని బయటికి వెళ్లిపోయాడు.

ఎల్లేశ్ ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. కంప్యూటర్ ఒక్కసారీ ఆగలేదు. బల్ల కింద పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. యూపీఎస్ టక్కుమంటుందేమోనని చెవులు రిక్కించి విన్నాడు. ఒక్కసారి టక్కుమంటే బాగుండు అనుకున్నాడు. అది అనలేదు.